పులిదొర పైలట్ ట్రాకు

మా గుట్టల అడవిలో ఎడిటింగ్ రూము ఉందంటే నమ్మనివాళ్లతో నాకు పేచీ లేదు, నమ్మకపోతే మానెయ్యండి. ఎలుగుబంటి ఖాళీ చేసిన గుహలో పెట్టారు దాన్ని. లోపల రెండు కంప్యూటర్లు, ఒక డబ్బింగ్ మైకు, మూలన ఒక గడ్డిమోపు. ఆ గడ్డిమోపు ఎద్దు బొల్లన్నది. ఆయనే ఆ రూముకి పెద్ద ఎడిటరు. ఎద్దుకి అడవిలో ఏం పనని అడక్కండి, బండి లాగడం విసుగొచ్చి వచ్చేశాడు, అంతే.

పక్క కుర్చీ గుంటనక్క గుంటయ్యది. పనికి రెండో ఎడిటరు, మాటకి మొదటివాడు. శబ్దం పని చూసుకునేది కుందేలు చెవులమ్మ. ఆ రూములో రోజూ జరిగే గొడవ ఒక్కటే, ఏ సాఫ్ట్‌వేర్ మీద కొయ్యాలి అని. బొల్లన్న నాగలి అనే పాతదాని మీద పని నేర్చుకున్నాడు. గుంటయ్యకి కొత్తగా వచ్చిన మెరుపు తప్ప ఇంకేదీ కంటికి ఆనదు.

"ఇంకా నాగలేనా బావా? నువ్వు ఒక ముక్క కోసి పక్కకి జరిపేలోపు నాకు ఆకలేస్తోంది" అన్నాడు గుంటయ్య.

"నీకు ఆకలి లేనిదెప్పుడు? నాగలి నిదానమే, కాదన్ను. పని మధ్యలో మాత్రం చచ్చి పడిపోదు. నిన్న మధ్యాహ్నమంతా నీ మెరుపు మూసుకోవడం, నువ్వు తెరవడం, ఇందుకేగా సరిపోయింది."

"కొత్తది కదా, అలవాటు పడాలి."

"నేను పడాలా, అది పడాలా?"

"మీరు దేంట్లో కోసుకున్నా శబ్దం చెయ్యాల్సింది నేనే" అంది చెవులమ్మ. "కాస్త నోళ్లు మూస్తే ఆ పని చేసుకుంటాను."

వాళ్ల చేతిలో ఉన్నది చిన్నాచితకా పని కాదు. ఆ ఏడు ఎండలు మాడ్చేశాయి. దగ్గర్లో నీళ్లున్నది ఒక్క మడుగులోనే, ఆ మడుగు గట్టున పెద్దపులి కాపురం. వేసవి పోయేదాకా మడుగుకొచ్చిన ఏ జంతువునీ ముట్టనని పులిదొర ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు వీడియో తీశారు. జింకలకి అది చూపించాలి.

జింకల మందకి పెద్దదిక్కు చుక్కమ్మ. ఆవిడకి ఎటూ పాలుపోవడం లేదు. అవతలి లోయలో ఒక వాగుంది గానీ, మధ్యలో రాళ్లగుట్ట ఎక్కి దిగాలి, లేత పిల్లలకి ఆ నడక గండమే. మడుగు చూస్తే కాళ్ల ముందే ఉంది, పక్కనే పులి. "బొమ్మ చూసి తేల్చుకుంటాం" అని కబురు పెట్టింది. పిల్లలు ఎండిన బురద నాకుతున్నాయని ఆ కబురు తెచ్చిన పిట్టే చెప్పింది. అది విన్నప్పటి నుంచి బొల్లన్న సరిగ్గా గడ్డి కూడా మేయలేదు. చూసినవాళ్లకి నమ్మకం కలిగేలా కొయ్యాలి, పిల్లలు నీళ్లు తాగాలి, అదే ఆయన ధ్యాస.

బాగానే కోశాడు కూడా. పులిదొర కెమెరా వైపు చూసి ఒట్టు పెట్టడం, ఆ వెంటనే దూరం నుంచి తీసిన ఒక షాటు. పొద్దు వాలుతుంటే నీళ్ల పక్కన పులి తల వంచి నిలబడి ఉంటాడు, పాదాల దగ్గర గుంటయ్య కూర్చుని ఉంటాడు. దాని మీద బొల్లన్న సన్నటి వేణువు వేశాడు. ఆ షాటు వచ్చిన ప్రతిసారీ ఆయనకే కళ్లు చెమర్చేవి.

ఇక్కడ పైలట్ సంగతి చెప్పాలి. షూటింగు జరుగుతుంటే కెమెరాతో పాటు రికార్డయ్యే పచ్చి శబ్దాన్ని పైలట్ అంటారు. గాలి హోరు, కీచురాళ్ల రొద, ఎవరో దగ్గడం, అన్నీ అందులో పడతాయి. పెదాలకీ మాటకీ కుదరడానికే అది అక్కరకొస్తుంది. డబ్బింగ్ అయిపోయాక మ్యూట్ చేసేస్తారు. చెరిపెయ్యరు, ఎప్పుడైనా అవసరం పడుతుందని అట్టడుగున అలా పడి ఉంటుంది. పెదాలు కనపడని షాటుకైతే పైలట్ వినే ఎడిటరు ఈ భూమ్మీద లేడు. బొల్లన్నా వినలేదు. అలవాటు ప్రకారం మ్యూట్ కొట్టి వేణువు వేసుకున్నాడు.

ఇంతలో పులిదొరే గుహకి వచ్చాడు. ముగ్గురూ లేచి నిలబడ్డారు.

"ఎంతవరకు వచ్చింది? పాపం, జింకలు దాహంతో అల్లాడుతున్నాయి."

"కోత అయిపోయింది దొరా. ముక్కలన్నీ ఒక్కటిగా అతికే రెండర్ పెడితే రేపటికి ఫైలు వస్తుంది" అన్నాడు బొల్లన్న.

గుంటయ్య ముందుకొచ్చాడు. "రేపెందుకు దొరా? బావది నాగలి కాబట్టి రేపు. నా మెరుపులో రెండరే అక్కర్లేదు. ప్రాజెక్టు అందులోకి మార్చేసి ముక్కలు పేర్చి ఉన్న టైమ్‌లైన్ మీద నుంచే ఆడించేస్తాను, ఈ సాయంత్రమే."

"మార్చితే మార్చు గుంటయ్యా" అన్నాడు బొల్లన్న, "ఒక సాఫ్ట్‌వేర్ లోంచి ఇంకోదాంట్లోకి పోయేటప్పుడు ఏదో ఒకటి అటూ ఇటూ అవుతుంది. మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి చూసి, విని..."

"విన్నారా దొరా, ఇదీ చాదస్తం. అక్కడ పిల్లలు గొంతెండి పోతుంటే ఈయన కూర్చుని వింటాడట."

ఆ మాటకి బొల్లన్న కంప్యూటరు ముందు నుంచి పక్కకి తప్పుకున్నాడు. పిల్లల పేరెత్తితే ఆయన ఇంకేం అనగలడు?

"గుంటయ్యే ఆడిస్తాడు. రేపటి నుంచి పెద్ద కుర్చీ కూడా అతనిదే" అని పులిదొర వెళ్లిపోయాడు. గుంటయ్య అప్పటికప్పుడే కుర్చీ మార్చుకున్నాడు.

సాయంత్రం రెండు టేకు చెట్ల మధ్య తెల్లగుడ్డ కట్టారు. చుక్కమ్మ తెలివైంది, మందని మడుగుకి ముందున్న, పులి దూకలేనంత వెడల్పైన గండికి ఇవతలే కూర్చోబెట్టింది. తెర, పులిదొర, కంప్యూటరు అన్నీ గండికి అవతల. బొల్లన్నా చెవులమ్మా మాత్రం మంద పక్కన నిలబడ్డారు. పొద్దు గూకగానే గుంటయ్య మీట నొక్కాడు.

తెర మీద పులిదొర కనిపించాడు. గంభీరమైన గొంతుతో ఒట్టు పెట్టాడు. అడుగున కీచురాళ్ల రొద వినిపిస్తుంటే చెవులమ్మ చెవులు నిక్కబొడిచింది.

"అన్నా, ఇది పైలట్. సాఫ్ట్‌వేర్ మార్చేటప్పుడు మ్యూట్ పోయింది."

"పోనీలే చెల్లీ, కీచురాళ్లేగా" అన్నాడు బొల్లన్న. చుక్కమ్మ మొహం మెల్లగా మెత్తబడుతోంది, ఆయన అటే చూస్తున్నాడు. ఒక పిల్ల అప్పుడే లేచి మడుగు వైపు రెండడుగులు కూడా వేసింది.

దూరపు షాటు వచ్చింది. వేణువు మొదలైంది. ఆ వేణువు కింద నుంచి పులిదొర గొంతు వినిపించింది, డబ్బింగ్ గొంతు కాదు, మామూలుగా ఇంట్లో మాట్లాడే గొంతు. మెడకి కట్టిన మైకు విప్పలేదు మరి.

"గుంటయ్యా, నమ్మి వస్తారంటావా?"

"వస్తారు దొరా. మొదట్లో మాత్రం ముట్టుకోకండి. నీళ్లు తాగి కాస్త ఒళ్లు చెయ్యనివ్వండి. పిల్లలతో సహా మంద మొత్తం దిగేదాకా ఓపిక పట్టండి."

"ఆ తర్వాత?"

"వెనక దారికి నేను ముళ్లకంప అడ్డం వేస్తాను. ఇక మీ ఇష్టం. లేత కాళ్లు మాత్రం నాకు వదిలెయ్యండి."

తెర మీద పులి తల వంచుకుని దేవుడిలా నిలబడి ఉన్నాడు, వేణువు కమ్మగా మోగుతోంది, ఆ మాటలు మాత్రం ఒక్కొక్కటీ స్పష్టంగా వచ్చి మంద మీద పడుతున్నాయి. అడుగు ముందుకేసిన పిల్ల ఒక కాలు గాల్లోనే ఉంచి కొయ్యబారిపోయింది. తల్లి దాన్ని మూతితో వెనక్కి లాక్కుంది.

గండికి అవతల గుంటయ్య మ్యూట్ నొక్కాడు. మెరుపు కదల్లేదు. ఆపు మీట నొక్కాడు, అదీ కదల్లేదు. తెర మూల ఒక చిన్న చక్రం గిర్రున తిరగడం మొదలెట్టింది. బొమ్మ ఆ వంగిన తల దగ్గర ఆగిపోయింది, శబ్దం మాత్రం ఆగలేదు.

"బావా, ఏ బటనో చెప్పు" అని గుంటయ్య గండి మీదుగా కేకేశాడు.

బొల్లన్న ఇవతల నుంచే జవాబిచ్చాడు. "నాకు మెరుపు రాదు గుంటయ్యా."

చుక్కమ్మ ఆయన వైపు తిరిగింది. "అన్నా, ఈ బొమ్మ నువ్వే కోశావా?"

"నేనే కోశానమ్మా. వేణువు కూడా నేనే వేశాను." ఆయన తెర వైపు చూశాడు. "నాగలిలోనే ఉంచి ఉంటే నీకిది వినపడేది కాదు. అది ఏ తప్పూ చెయ్యదు, అడుగున పెట్టింది అడుగునే ఉంచుతుంది. మీ అందర్నీ నా చేతులతోనే ఆ మడుగులోకి దింపేవాణ్ణి."

"నడవలేని పిల్లలున్నాయి అన్నా. రాళ్లగుట్ట దాటాలి" అంది చుక్కమ్మ. ఆవిడకి అప్పుడు కోప్పడే తీరిక లేదు.

బొల్లన్న మోకాళ్ల మీద కూర్చుని వీపు చూపించాడు. నీరసంగా ఉన్న పిల్లల్ని ఎక్కించుకుని, బండి లాగినన్నాళ్లూ విసుక్కున్నవాడు మాటైనా అనకుండా గుట్ట వైపు కదిలాడు. మంద వెనకే నడిచింది. దారిలో చెవులమ్మ అడిగింది, "అన్నా, ఇక నుంచి ఏ సాఫ్ట్‌వేర్ మీద చేద్దాం?"

"ఏదైనా ఒకటే చెల్లీ. ముందు పైలట్ విందాం."

గండికి అవతల శబ్దం ఎట్టకేలకు ఆగిపోయింది. మడుగు చుట్టూ పిట్ట కూడా లేదు. పులిదొర ఆకలి మీద ఉన్నాడు, అప్పటికి చాలాకాలంగా మంచివాడిగా కనపడటానికి కడుపు మాడ్చుకుని ఉన్నాడు.

"నా తప్పు కాదు దొరా, సాఫ్ట్‌వేర్‌ది" అన్నాడు గుంటయ్య, తోక ముడుచుకుని వెనక్కి జరుగుతూ.

"కావచ్చు" అన్నాడు పులిదొర లేస్తూ. "కానీ ఇక ఈ మడుగుకి వచ్చేవాళ్లెవరూ లేరు గుంటయ్యా. ఉన్నది నువ్వొక్కడివే."

గుంటయ్య వెనక దారికి పరిగెత్తాడు. ముళ్లకంప అప్పటికే అడ్డంగా వేసి ఉంది, వేసింది అతనే.

నీతి: మాట మార్చి ఎంత అందంగా కోసినా, అసలు గొంతు అడుగు ట్రాకులో బతికే ఉంటుంది.