ఉప్పలవ్వా, ఆరిందా?

ఎప్పుడని అడగొద్దు. దొరలు గుర్రాల మీద, జనం మోకాళ్ల మీద ఉన్న కాలం. ఆ కాలంలో ఒక ఊరు, ఆ ఊళ్లో ఒక ఎర్రమట్టి ఇల్లు, ఆ ఇల్లు అలికే ఉప్పలవ్వ.

ఆ ఇంట్లోనే దొరలను ఎదిరించే సంఘం పుట్టింది. వెట్టి చెయ్యబోమని, పన్ను కట్టబోమని అక్కడే ప్రమాణం చేశారు. ఉప్పలవ్వను మాత్రం ఎవరూ ఏ ప్రమాణమూ అడగలేదు. ఆమె పని నేల అలకడం. అంతే.

ఒకనాడు ముగ్గురు సంఘం కుర్రవాళ్లు పరుగున వచ్చారు. ఒకడు గొర్లకాపరి, ఒకడు సాలెవాడు, ఒకడు ఆ ఇంటి కొడుకే.

"అవ్వా, సిపాయిలొస్తున్నరు! ఏడ దాగాలె?"

నడిమింట్లో నేల కింద జొన్నలు పోసే పాతర ఉంది. ఆ ఏడు పంట లేదు, పాతర ఖాళీ. ముగ్గురూ దిగారు. ఉప్పలవ్వ రాతిమూత జరిపి, అంచున వేలు పట్టేంత సందు వదిలి, పైన మట్టి మెత్తి పేడనీళ్లతో అలికింది.

అలికాక చూసింది. అంత నేలలో ఆ ఒక్క చోటే పచ్చిగా మెరుస్తోంది! గుడ్డివాడైనా పోల్చుకుంటాడు.

అయితే ఇల్లంతా పచ్చి చెయ్యాలి. మామూలుగా ఎవరైనా లోపలి నుంచి అలుక్కుంటూ వెనక్కి వెనక్కి జరిగి గడప దగ్గర తేలతారు. ఉప్పలవ్వ గడప దగ్గర మొదలుపెట్టింది. లోపలికి, ఇంకా లోపలికి అలుక్కుంటూ వెళ్లి, పాతర మూత మీద కూలబడింది. చుట్టూ తడి. నడుమ తను.

అప్పుడే జమేదారు గడపలో నిలబడ్డాడు. వెనక సిపాయిలు. బూటు ఎత్తాడు.

"ఆగు బిడ్డా! నేల తడిగున్నది. మీ అమ్మ అలికిన ఇంట్ల గిట్లనే తొక్కుతవా?"

ఎత్తిన కాలు గాల్లోనే ఆగింది. జమేదారైనా ఒక తల్లి దగ్గర చీపురుదెబ్బలు తిన్నవాడే కదా. కాలు వెనక్కి తీసుకున్నాడు. కోపం రాబోయి నవ్వొచ్చింది.

"పిచ్చి ముసల్దానా, గడప కాడ మొదలువెడ్తరా ఎవరన్నా? ఇప్పుడెట్ల బయటికొస్తవ్?"

"ఆరినంక వస్త దొరా."

సిపాయిలు పకపకా నవ్వారు. నేల ఆరాక లోపల వెతుకుదామని అందరూ అరుగు మీద కూర్చున్నారు. ఉప్పలవ్వ అరచెయ్యి సందు మీద ఉంది. కింద నుంచి ఊపిరి తగులుతోంది. వెచ్చగా, లేగదూడ ముట్టె ఆనినట్టు. మూడు ఊపిరులు కలిసి ఒక్క ఊపిరిలా వస్తున్నాయి.

ఎండ లోపలికి పాకింది. నేల తెల్లబడుతోంది.

"ఆరిందా?" అన్నాడు జమేదారు.

"ఆరలే దొరా." బానలో మిగిలిన పేడనీళ్లు చల్లి మళ్లీ అలికింది.

ఎండ ఇంకా పాకింది.

"ఆరిందా?"

"ఆరలే దొరా." తను తాగడానికి పెట్టుకున్న చెంబు నీళ్లు చల్లింది. నాలుక పిడచగట్టింది. ఎండలో తేలే దుమ్ము బంగారు చేపపిల్లల్లా కనబడింది. తను కూర్చున్నది నేల మీదో, నది నడుమ ఇసుకదిబ్బ మీదో తెలియలేదు. అరచేతి కింది ఊపిరి ఒక్కటే తెలుస్తోంది.

"ఆరిందా?"

ఇక చుక్క నీళ్లు లేవు.

"ఎట్ల ఆర్తది దొరా, సగం పని మిగిలిపాయె. నీళ్లొడిసినయ్. మీల ఎవరన్న రెండు బిందెలు తోడిస్తే జల్ది ముగిస్త."

"మా మీసాలు జూసి గూడ నీళ్లు మోయమంటున్నవా?" అని ఒక సిపాయి గొణిగాడు. అయినా తోడాడు. గడప మీద నుంచి బిందెలు లోపలికి తోశాడు. ఉప్పలవ్వ మోకాళ్ల మీద పాకి వాటిని అందుకుని, ఒక బిందె నేలకు పోసింది, రెండోదాంట్లోంచి తను తాగింది, సందులోనూ కాస్త వంచింది. మళ్లీ మూత మీదే కూర్చుంది.

పొద్దు వాలింది. చీకటి పడితే ఆ ఊళ్లో ఉండడం సిపాయిలకు భయం. "ఈ పిచ్చిదాని ఇంట్ల ఎవడుంటడు, పాండ్రి!" అని జమేదారు లేచాడు.

గుర్రాల చప్పుడు దూరమయ్యాక ముగ్గురూ పైకొచ్చారు. ఉప్పలవ్వ వాళ్ల కాళ్లు చూసి కసిరింది: "చూసి నడువుండ్రి! ఇంక ఆరలే."

ఆమె ఏళ్ల తర్వాత, పండులా ముసలిదై కన్నుమూసింది. ఒళ్లంతా చల్లబడ్డా కుడి అరచెయ్యి వెచ్చగానే ఉందంటారు.

ఇప్పుడా ఇల్లు మ్యూజియం. చుట్టూ గదుల్లో అద్దాల వెనక బరిసెలు, గుత్పకర్రలు, పాత ఫోటోలు. నడిమింట్లో ఏమీ లేదు, అలికిన నేల తప్ప. బండలు పరుస్తామంటే ఊరు ఒప్పుకోలేదు. ఆ ఇంటిని ఇప్పటికీ గడప నుంచి లోపలికే అలుకుతారు. అలికినామె నడుమనే కూర్చుండిపోతుంది.

చూడవచ్చినవాళ్లు, కలెక్టరైనా బడిపిల్లలైనా, చెప్పులు విడిచి గడప బయట నిలబడి అడగాలి.

"ఉప్పలవ్వా, ఆరిందా?"

లోపల కూర్చున్నామె, సందు మీద అరచెయ్యి ఆనించి, జవాబు చెబుతుంది.

"ఆరలే బిడ్డా. జర కూసో."

అందరూ ఆనాడు సిపాయిలు కూర్చున్న అరుగు మీదే కూర్చుంటారు.