ఇసుక పలకలో రెండో వరుస

చెరసాల గుమ్మంలో ఇసుక పలక చూశారుగా, ఏం చూశారో చెప్పండి! పై వరుసలో ఖైదీ పేరు, కింది వరుసలో మంత్రి ఆజ్ఞ, రెండూ ఇసుకలో వేలితో రాసినవే. కావలివాళ్లు కింది వరుసలో ఏముంటే అది చేస్తారు. బుర్ర వాడితే కొలువు ఊడుతుంది.

కుండలు ఊరికే ఇవ్వనన్నాడని కుమ్మరి ఓబులును మంత్రి పట్టించాడు. కింది వరుసలో "కొరత వేసి చంపండి" అని ముందే రాయించాడు. పేరు మాత్రం ఇంటివాళ్లే చెప్పాలని ఆచారం. ఓబులు పెళ్లాం సిద్దమ్మ వచ్చింది.

"పొడుగు పేరు దొరా, చోటు చాలదేమో."

"చెప్పిందంతా రాయరా! ఒక్క అక్షరం వదిలావో, వేళ్లు తీయిస్తా!" అని లేఖకుడి మీద అరిచి మంత్రి పల్లకీ ఎక్కాడు.

సిద్దమ్మ లేఖకుడి వేలినే చూస్తూ, తాతముత్తాతల పేర్లన్నీ చెప్పుకుపోయింది. పై వరుస నిండింది. వేలు కింది వరుసలోకి దిగగానే, "ఓబులును క్షేమంగా ఇంటికి పంపండి" అంది. వేళ్లు పోతాయన్న భయంతో అతను అదీ రాశాడు. పాత ఆజ్ఞ ఇసుకలో కలిసిపోయింది.

కావలివాళ్లు కింది వరుస చదివి, ఓబులును ఇంటిదాకా దిగబెట్టి వచ్చారు.

మంత్రి సిద్దమ్మను పిలిపించి మండిపడ్డాడు. "దొంగముండా, నా ఆజ్ఞనే చెరిపిస్తావా?"

"చోటు చాలదని ముందే మనవి చేశాను కదా దొరా!"

మీరే చెప్పండి, ఇప్పుడు ఆ చెరలో ఎవరుండాలి?