బుద్ధిమంతుల ఇంటి ఆనపపాదు

"ఆనప విత్తు నాటితి అమ్మలాలా,
ఆకు రెండు వేసెనే అమ్మలాలా,
తీగ పాకి... తీగ పాకి..."

ఆ తరవాత ఏముందో మంగాయమ్మకి ఎంత తల గోక్కున్నా గుర్తుకు రాదు. చిన్నప్పుడు ఆడపిల్లలంతా చేతులు పట్టుకుని తిరుగుతూ పాడుకున్న పాట. తీగ పాకి గోడెక్కిందో, గోడ దూకి పొరుగింటికే పోయిందో, ఆ ముక్క మాత్రం ఎక్కడో జారిపోయింది. అయినా ఆవిడ ఆ రెండున్నర ముక్కలే పొద్దస్తమానం పాడేది. ఎవరన్నా అడిగితే, "మిగతాది మొక్కే పాడుకుంటుందిలే" అనేది.

మరి ఆ ఇంట్లో అందరూ అంతే. తెలివి ఎక్కువ. వీధిలో వాళ్ళు ఆ ఇంటిని "బుద్ధిమంతుల ఇల్లు" అనేవారు. వాళ్ళు మూతి బిగించి నవ్వుతూ అనేవారు, వీళ్ళు నిజమేననుకుని తలూపేవారు. మంగాయమ్మ మొగుడు తాతబ్బాయి గుమ్మంలో కుక్క పడుకుంటే దాన్ని లేపకుండా, దాటకుండా, వెనక తలుపులోంచి దొడ్డి చుట్టూ తిరిగి వీధిలోకొచ్చే మనిషి. మరిది బుల్లియ్య అన్నకన్నా ఓ ఆకు ఎక్కువే చదివాడు. తాళంచెవి ఎవరైనా ఎత్తుకుపోతారని దాన్ని ఇంట్లోపలే దాచి, బయట తాళం నొక్కేసి ఊరెళ్ళేవాడు. వాళ్ళిద్దర్నీ చూసుకుని మంగాయమ్మకి మహా గర్వం. తనూ తక్కువేం కాదు. జుట్టు నెరిశాక రాత్రిబడికెళ్ళి అక్షరాలు నేర్చుకుంది. ఉప్పుడబ్బా మీద "ఉప్పు" అనీ, పిల్లి మీద రాయడం కుదరక అది పడుకునే గోనె మీద "పిల్లి" అనీ రాసి పెట్టింది.

ఆ ఏడు గోదారి పొంగి లంకలో సూరాంబత్త ఇంటి దొడ్డినంతా ముంచేసింది. సూరాంబత్తంటే ఈ అన్నదమ్ములిద్దరికీ మేనత్త. ఆవిడ దొడ్లో పొట్టి ఆనప కాసేది. కాయ చిన్న కుండంత గుండ్రంగా ఉంటుంది, కూర వండితే వెన్నలా కరిగిపోతుంది. ఆ పాదు కాస్తా వరదలో కొట్టుకుపోయింది. వరద తీశాక ఆవిడ పడవెక్కి వచ్చింది, కొంగున ఒక చిన్న మూట కట్టుకుని.

"ఒరే తాతబ్బాయీ, నా దొడ్డి నిండా ఇసక మేటేసిందిరా. ఈ యేడు అక్కడ గడ్డిపోచ కూడా మొలవదు. ఈ విత్తనం నాకు మా అత్తగారిచ్చింది, ఆవిడకి వాళ్ళత్తగారిచ్చింది. ఇంకెవరి దగ్గరా లేదు. మిగిలింది ఈ గుప్పెడే. మీ దొడ్లో పెట్టండి. కూరకి మీరెన్ని కోసుకున్నా సరే, ఒక్క కాయ మాత్రం నాకోసం తీగమీదే ఎండనివ్వండి. విత్తనం తప్ప ఇంకేం అడగను."

మూట విప్పి ఆవిడ ఒక్కొక్క విత్తనాన్నీ వేళ్ళతో నిమిరి చూసుకుంది. మంగాయమ్మ రెండు చేతులా ఆ మూట అందుకుంది.

"నువ్వేం బెంగపెట్టుకోకత్తా," అన్నాడు బుల్లియ్య. "ఇంట్లో మూడు బుర్రలున్నాయి."

"అదేరా నా బెంగ," అంది సూరాంబత్త. "వినండి. వేలెడు లోతున పెట్టండి. రోజూ నీళ్ళు పొయ్యండి. కాస్త పేడెరువు వెయ్యండి. పురుగు పట్టకుండా చూసుకోండి. అంతే. ఇంకేం ఆలోచించకండి."

ఆవిడ పడవెక్కిందో లేదో, వీళ్ళు కూచుని ఆలోచించడం మొదలెట్టారు.

"వేలెడు లోతంటే ఏ మూలకి? ఇంత అపురూపమైన విత్తనం కోడి కాలితో గీరితే బయటికొచ్చేస్తుంది," అన్నాడు తాతబ్బాయి.

"బంగారం ఎవరన్నా వేలెడు లోతున పాతుతారా అన్నయ్యా?"

నిజమే కదా అనుకుంది మంగాయమ్మ. అంతే, పలుగూ పారా తెచ్చి నడుంలోతు గొయ్యి తవ్వారు. అడుగున నాలుగు విత్తనాలు పెట్టి, పైన మట్టి వేసి, ఎవరూ తవ్వకుండా దిమ్మిసతో గట్టిగా కొట్టారు. మంగాయమ్మ ఒక చెక్క మీద సుద్దతో "ఆనప" అని రాసి దాని మీద పాతింది. చాలా రోజులు చూశారు. ఆ దొడ్లో నిటారుగా నిలబడ్డది ఆ చెక్క ఒక్కటే.

"లోతెక్కువైందేమోనండీ," అంది మంగాయమ్మ.

"లోతు కాదే. లోపల అవి ఏం చేస్తున్నాయో మనకి తెలియట్లేదు, అదీ చిక్కు," అన్నాడు తాతబ్బాయి.

ఇంకేముంది, రెండోసారి పైపైనే పెట్టారు. పొద్దున లేవగానే బుల్లియ్య మట్టి తోడి ఒక్కొక్క విత్తనాన్నీ తీసి చూసి, పలకరించి, మళ్ళీ పెట్టేవాడు. సాయంత్రం తాతబ్బాయి వంతు. ఓ పొద్దున బుల్లియ్య కేకేశాడు.

"వదినా! విత్తనానికి తెల్లటి తోకొచ్చింది!"

"పురుగేమో మరిదీ. అత్త పురుగు పట్టనివ్వద్దంది."

అంతే. కూచుని ఓపిగ్గా ఒక్కొక్క తోకా గిల్లేసి, విత్తనాలు శుభ్రంగా తుడిచి మళ్ళీ పెట్టారు. ఆ తరవాత వాటికి ఏ తోకా రాలేదు. పురుగు వదిలిందని ముగ్గురూ సంబరపడ్డారు. మంగాయమ్మ మాత్రం ఆ పూట మూటలో మిగిలిన విత్తనాలని ఒకసారి తడుముకుంది. మూట తేలికైపోయింది. సూరాంబత్త వేళ్ళు గుర్తొచ్చాయి.

"ఈసారి మొలిచేదాకా ఎవరూ ముట్టుకోవద్దు," అని గట్టిగా చెప్పింది. చెప్పిందే గాని, అంత గట్టిగా మాట్లాడినందుకు తనే ఆశ్చర్యపోయింది.

మిగిలినవన్నీ పెట్టారు. మొలిచాయి! రెండేసి లేత ఆకులు, చంటిపిల్లలు చేతులు జోడించినట్టు. మంగాయమ్మ వాటిముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది. ఇంత మట్టిని అంత చిన్నది ఎలా ఎత్తిందమ్మా అనుకుంది. మధ్యాహ్నం ఎండకి ఆకులు కాస్త వాలాయి. ఇంకేముంది, ఇల్లంతా గగ్గోలు. కడవలు, బిందెలు, చెంబులు, ఆఖరికి పాలగిన్నె కూడా తెచ్చి పోశారు. సాయంత్రానికి అవే లేచాయి. "చూశారా, మన నీళ్ళే బతికించాయి" అని పొద్దునా సాయంత్రం పొయ్యడం మొదలెట్టారు. ఇంతలో ముసురు పట్టింది. ఆకాశం చిల్లుపడ్డట్టు వాన. ఆ వానలో తాతబ్బాయి గొడుగు పట్టుకుంటే, మంగాయమ్మ బిందెతో నీళ్ళు పోస్తోంది.

పక్కింటి కాంతమ్మ గోడమీంచి చూసి నోరెళ్ళబెట్టింది. "ఏం పనే మంగాయమ్మా! పైనుంచి దేవుడు పోస్తున్నాడు కదుటే!"

"దేవుడు పోసేది దేవుడిది," అని తాతబ్బాయే జవాబిచ్చాడు. "అత్త రోజూ పొయ్యమంది మమ్మల్ని. వానని కాదు."

"మరి ఆ గొడుగెందుకు?"

"తడిస్తే మాకు జలుబు చెయ్యదూ?"

ముసురు వదిలేసరికి మొక్కలు మొదట్లో కుళ్ళి, ముట్టుకుంటే చేతికొచ్చేశాయి. ఒక్కటి మాత్రం బతికి బట్టకట్టింది. దానికి బలం కావాలన్నాడు బుల్లియ్య. అన్నంలో చెంచాడు నెయ్యి మంచిదైతే గిన్నెడు నెయ్యి ఇంకా మంచిదే కదా! అంతే, పొద్దున ఆవు వేసిన పేడ వేసినట్టే తట్టలతో తెచ్చి, మొక్క మెడదాకా గుట్ట పోశారు. పచ్చిపేడ వేడికి అది రెండ్రోజుల్లో మాడి, వడియంలా చుట్టుకుపోయింది.

మంగాయమ్మ మూట విప్పి దులిపింది. ఏమీ రాలలేదు. ఆ పూట ఆవిడ పాట పాడలేదు. అన్నం వడ్డిస్తుంటే తాతబ్బాయి, "ఏమే, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

"అత్త నాలుగు ముక్కలు చెప్పిందండీ. మనం నాలుగూ చేశాం. అయినా ఇలా ఎందుకయిందంటారు?"

"అదే నాకూ అర్థం కావట్లేదే. ఇంతకన్నా బాగా ఎవరు చేస్తారు?"

ఆవిడకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

అసలు సంగతి ఏమిటంటే, మొదటి గొయ్యి తవ్విన రోజు బుల్లియ్య చేతిలోంచి ఒక విత్తనం జారి కంచె పక్కన పెంటలో పడింది. ఎవరూ చూడలేదు. చూడలేదు కాబట్టే బతికింది. ఎండ కాసింది, వాన పడింది, ఎవరూ పలకరించలేదు. తీగ కంచె ఎక్కి, ఆకులు అరచేతులంత చేసుకుని కూచుంది. ఓ సాయంత్రం పేడ పారబొయ్యడానికెళ్ళిన మంగాయమ్మ కంచె నిండా తెల్లపూలు చూసి అక్కడే కూలబడింది.

"ఏవండీ! అత్త ఆనప!"

అన్నదమ్ములు పరుగెత్తుకొచ్చారు. రావడం రావడమే బుల్లియ్య, "అయ్యయ్యో, పురుగు పట్టేసింది వదినా!" అన్నాడు. చూస్తే ఏముంది, పూలమీద తేనెటీగలు, రెక్కల పురుగులు వాలుతున్నాయి. అత్త ఏమంది? పురుగు పట్టకుండా చూసుకోమంది. ఇంకేముంది, తలో తువ్వాలూ తీసుకుని తీగ ముందు నిలబడ్డారు. పొద్దు వాలగానే పూలు విచ్చుకోవడం, వీళ్ళు తువ్వాళ్ళు తిప్పడం. ఒక్క ఈగని వాలనిస్తే ఒట్టు. పిందెలు వచ్చినవి వచ్చినట్టే పసుపెక్కి రాలిపోయాయి.

చివరికి ఓ రోజు అన్నదమ్ములు పక్కూరిలో పెళ్ళికెళ్ళారు. మంగాయమ్మ ఒక్కతే తువ్వాలు పట్టుకుంది. చెయ్యి పీకేసి, కంచెకానుకుని కునుకు తీసింది. ఆ కునుకులోనే రెండు పిందెలు నిలబడ్డాయి.

ఒకటి లేతగా కోసి కూర వండుకున్నారు. నిజంగానే వెన్న. రెండోదాన్ని ముగ్గురూ కళ్ళల్లో వత్తులేసుకుని కాపలా కాశారు. అది ముదిరి, తీగమీదే ఎండి, ఊపితే గలగలమంది. లంకకి కబురెళ్ళింది. తిరుగు పడవలో జవాబొచ్చింది: "వచ్చే ఆదివారం వస్తున్నా. కాయ కొట్టి విత్తనాలు తీసి ఉంచండి. తడి మాత్రం ఉండకూడదు. తడి ఉంటే బూజు పడుతుంది."

"విత్తనాలు ఎండలో పెడతాను," అంది మంగాయమ్మ.

"ఎండకి పైతడే పోతుందే. లోపలి తడి సంగతేమిటి?" అన్నాడు తాతబ్బాయి.

ఆవిడ ఆలోచించింది. ఇన్నాళ్ళ కష్టం. బూజు పడితే సూరాంబత్తకి మొహం ఎలా చూపించడం? అంతే, పొయ్యి వెలిగించి మూకుడు పెట్టింది. విత్తనాలన్నీ పోసి, మాడకుండా, సన్నసెగన, ఎర్రగా వేయించింది. అవి చిటపటలాడాయి.

"అదిగో వదినా, తడి ఏడ్చుకుంటూ పోతోంది!" అన్నాడు బుల్లియ్య.

సూరాంబత్త వచ్చింది. మంగాయమ్మ ఇత్తడి పళ్ళెంలో విత్తనాలు పోసి, పైన కొత్త గుడ్డ కప్పి తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. ఆవిడ ఆత్రంగా గుడ్డ తీసింది. కమ్మటి వాసనొచ్చింది.

"ఏమిటే పిల్లా ఇవి?"

"నీ విత్తనాలే అత్తా. తడి లేకుండా వేయించాను."

"అన్నీనా?"

"అన్నీ. ఒక్కటి వదిల్తే ఒట్టు," అన్నాడు తాతబ్బాయి ఛాతీ విరుచుకుని.

సూరాంబత్త పళ్ళెంలోకి చూస్తూ కూచుంది. ఆవిడ మొహం చూసేసరికి మంగాయమ్మకి ఒక్కసారిగా తెలిసింది. ముగ్గురిలోకీ ఆవిడ ఒక్కదానికే తెలిసింది.

"అత్తా... ఇవి ఇంక మొలవవు కదూ?"

సూరాంబత్త పళ్ళెం దగ్గరికి లాక్కుంది. ఒక విత్తనం తీసి నోట్లో వేసుకుంది. నమిలింది. కళ్ళనిండా నీళ్ళు, పెదవిమీద మాత్రం ఏదో నవ్వులాంటిది.

"ఉప్పు తగ్గిందే," అంది.

అంతే! తాతబ్బాయి లేచాడు. "విన్నావుటరా బుల్లియ్యా? కాయలోనే ఉప్పు తక్కువంటే మరి లోపం ఎక్కడుంది? వేళ్ళలో ఉంది!" ఉప్పుడబ్బా చంకన పెట్టుకుని కంచెవైపు పరుగు. బుల్లియ్య గునపం పట్టుకుని వెనకాల పరుగు. సూరాంబత్త ఆ వయసులో చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి వాళ్ళ వెనకాల పరుగు. మంగాయమ్మ అందరికన్నా వెనక.

తాతబ్బాయి దోసిలి నిండా ఉప్పు తీసి పాదు మీదకి వంగాడు. సూరాంబత్త ఒక్క తోపు తోసింది. ఉప్పంతా వెళ్ళి బుల్లియ్య నెత్తిన పడింది. ఆవిడ కాలు జారి పాదు పక్కనే చతికిలబడింది. పడ్డచోటునించి తల ఎత్తి చూస్తే, కంచె అడుగున, పెద్ద ఆకు చాటున, ఎవరి కంటా పడకుండా, పిడికిలంత పచ్చటి పిందె ఒకటి నూగునూగుగా వేలాడుతోంది.

ఆవిడ దాన్ని చూసింది. ఇంకో దోసిలి తీస్తున్న తాతబ్బాయిని చూసింది. రెండు చేతులూ చాపి పాదుకి అడ్డంగా కూచుని, మంగాయమ్మ వైపు తిరిగింది.

"పిల్లా, నాకో మంచం ఇలా పట్రా. ఈ పిందె ఎండి గలగలమనేదాకా నేనిక్కణ్ణించి కదలను. దీన్ని నేను చూసుకుంటాను, నువ్వు మీ ఆయన్ని పట్టుకో."