చూసుకోవచ్చు

ఆ గుట్టల్లో అన్ని జంతువుల దగ్గరా ఫోన్లున్నాయి, నీళ్లే లేవు. శివరాత్రి దాటిందంటే అక్కడక్కడ మిగిలిన చెలమలే దిక్కు. ఆ సంగతి వేటగాళ్లకూ తెలుసు కాబట్టి చెలమల దారులన్నిటా ఉచ్చులు పన్నేవాళ్లు. దాహం తీర్చుకోవడానికి వెళ్లినవి ఏటా కొన్ని తిరిగొచ్చేవి కావు.

అది చూడలేక ఎర్రన్న అనే ఉడుత ఒక యాప్ మొదలుపెట్టింది. ఏ చెలమలో నీళ్లున్నాయో, ఏ దారిలో ఉచ్చుందో పక్షులు చూసొచ్చి చెబుతాయి. అదంతా ఎవరి ఫోన్లో వాళ్లకు కనిపిస్తుంది. సాయం ఎవరూ లేరు, ఒంటి చేత్తో రాసుకుంది. తెర మీద కనిపించే ముందు భాగం చకచకా అయిపోయింది. చిక్కల్లా వెనక భాగం దగ్గరే వచ్చింది. వచ్చిన కబుర్లన్నీ దాచిపెట్టి, అడిగినప్పుడు తీసి ఇవ్వడానికి ఒక సర్వర్ ఉండాలి కదా.

ముందు తాబేలు దగ్గరికి వెళ్లింది.

"బండ కింద నా పాత సర్వర్ ఉంది, వాడుకో," అంది తాబేలు. "కాకపోతే అన్నీ నువ్వే అమర్చుకోవాలి. ఆగిపోతే లేపేదీ నువ్వే, తలుపుకి గడియ పెట్టేదీ నువ్వే."

"ఎన్నాళ్లు పడుతుంది పెద్దయ్యా?"

"నువ్వొక్కడివే కాబట్టి రెండు నెలలు."

"రెండు నెలలా! ఈలోపు ఎండలు ముదిరిపోవూ?"

"ముదురుతాయి. అయినా నీ వస్తువు నీ చేతిలో ఉంటుంది."

ఉడుతకు అంత ఓపిక ఎక్కడిది? నేరుగా పానకాలు దగ్గరికి పరిగెత్తింది. పానకాలు అంటే నక్క. గుట్ట వాలులో, యాప్‌లకు చోటిచ్చే ప్లాట్‌ఫారం నడుపుతోంది.

"రా అల్లుడూ, రా. సర్వర్ మాది, డేటాబేస్ మాది, పాస్‌వర్డ్ అడిగే గుమ్మం కూడా మాదే. ఒక్కడివి ఎన్నని అవస్థ పడతావు? నీ యాప్ తెచ్చి తగిలించు, అంతే."

పొద్దున వెళ్లిన ఉడుత ఎండెక్కేలోగా పని ముగించుకుంది. వస్తూ వస్తూ గుమ్మంలో ఆగి ఒక్క మాట అడిగింది. అడగలేదని దాన్ని మనం అనకూడదు.

"మామా, రేపెప్పుడైనా నేను వేరే చోటికి మారాలనుకుంటే, నా డేటా సంగతేంటి?"

"అదెంత భాగ్యం అల్లుడూ, చూసుకోవచ్చు," అంది నక్క.

ఈ మాట రోజుకు పదిసార్లు అంటాం, పదిసార్లు వింటాం. ఎన్నడైనా విప్పి చూశామా? ఉడుతా చూడలేదు, నిశ్చింతగా తోక ఎగరేసుకుంటూ ఇంటికెళ్లింది.

ఆ వేసవిలో ఒక్క ప్రాణి కూడా ఉచ్చులో పడలేదు. మరుసటి వేసవీ అంతే. అంతకుముందు ఇద్దరు చెల్లెళ్లను ఉచ్చులకు పోగొట్టుకున్న మాణిక్యం అనే దుప్పి, ఉడుత కోసం రేగుపళ్లు రాల్చి పెట్టేది. ఒకరోజు అది అడిగింది.

"తమ్ముడూ, ఇదంతా నీ దగ్గర ఇంకో కాపీ ఉందా?"

"లేదక్కా. యాప్‌కి కొత్త రంగులు వేస్తున్నా. అదయ్యాక చూసుకుందాం."

మూడో వేసవి నడిమధ్యలో నక్క దగ్గర్నుంచి కబురొచ్చింది. వారంలో ప్లాట్‌ఫారం మూసేస్తున్నారట, ఇన్నాళ్లూ ఆదరించినందుకు కృతజ్ఞతలట. ఉడుత పడుతూ లేస్తూ పరిగెత్తింది.

"మామా, నా డేటా ఇచ్చెయ్. తాబేలు పెద్దయ్య దగ్గరికి పట్టుకెళ్తాను."

"చూసుకో."

"చూసుకోవడం కాదు, ఇవ్వమంటున్నా."

"ఇస్తానని ఎప్పుడన్నానోయ్? చూసుకోవచ్చన్నాను. తెర తెరిచే ఉంది. ఒక్కో పేజీ తిప్పి చూసుకో, వద్దన్నానా?"

"ఆ పనేదో నువ్వు చూసుకుంటావనుకున్నా మామా..."

"నువ్వనుకున్నదానికి నేనేం చేసేది?"

అంతా మూటగట్టి ఒక్కసారే పట్టుకుపోయే దారి అందులో లేనే లేదు. ఉడుత ఏడుస్తూనే మోదుగాకులు ముందేసుకుని చేత్తో ఎక్కించడానికి కూర్చుంది. చెలమలు నూట నలభై, ఉచ్చులు ఆరు వందలు. ముందు నీళ్లు రాద్దాం, ఉచ్చుల సంగతి తర్వాత చూసుకుందాం అనుకుంది.

ఏడో రోజు మిట్టమధ్యాహ్నం తెర ఆరిపోయింది. అప్పటికి చెలమలన్నీ అయ్యాయి, ఉచ్చులు పదకొండే రాసింది. అంతలోనే మాణిక్యం వచ్చింది. నాలుక పిడచగట్టుకుపోయి ఉంది.

"ఎక్కడైనా ఉన్నాయా తమ్ముడూ?"

ఉడుత ఆకులు తిరగేసింది. "ఎర్రమట్టి చెలమలో ఉన్నాయక్కా."

"దారిలో ఉచ్చు గుర్తేమైనా ఉందా?"

"గుర్తేం లేదక్కా."

అబద్ధం కాదు, ఆకు మీద నిజంగానే గుర్తు లేదు. రెండేళ్లుగా ఆ అడవిలో గుర్తు లేదంటే ఉచ్చు లేదనే అర్థం. చెప్పిన ఉడుతకీ విన్న దుప్పికీ అదే అలవాటు. మాణిక్యం వెళ్లిపోయాక గానీ ఉడుతకు తను అన్నదేమిటో తట్టలేదు. "అక్కా, ఆగక్కా!" అని అరుస్తూ వెంటపడింది. దుప్పి కాళ్లెక్కడ, ఉడుత కాళ్లెక్కడ!

చెలమ దారిలో పానకాలు ఎదురొచ్చింది, మూతి నాక్కుంటూ.

"ఆ ఉచ్చు మూడొందలో పేజీలో ఉంది అల్లుడూ. అక్కడిదాకా రాలేదా నువ్వు?"

"మూసేశానన్నావు కదా!"

"మూసింది నీకు. ఉచ్చులన్నీ ఎక్కడెక్కడున్నాయో ఇప్పుడు నాకొక్కడికే తెలుసు. వేటగాడికంటే ముందెళితే చాలు, ఈ వేసవి గడిచిపోతుంది."

ఆ సాయంత్రం ఉడుత బండ దగ్గరికి వెళ్లింది. "పెద్దయ్యా, నీ సర్వర్ ఇంకా ఉందా?"

"ఉంది," అంది తాబేలు. "పెట్టడానికి నీ దగ్గరేముంది?"

ఉడుత ఒక మోదుగాకు ముందుకు జరిపింది. ఎర్రమట్టి చెలమ, ఉచ్చు ఉంది అని అందులో కొత్తగా రాసి ఉంది. దాని పక్కన రేగుపళ్లు నాలుగు పెట్టింది.

నీతి: వస్తువు దాచుకునే చోట లోపలికి దారితో పాటు బయటికి దారి కూడా అడగాలి, జవాబు "చూసుకోవచ్చు" అయితే గుమ్మంలోంచే వెనక్కి తిరగాలి.