సంతకెళ్లిందన్న అబద్ధం

సింహాద్రి పశువులపాకలో నోళ్లకి కొదవ లేదు, ఆలోచనకే కాస్త కరువు. అక్కడి గేదెకి గాలికుంటు తగిలింది. నోట్లో పుళ్లు, గిట్టల సందున పుళ్లు. మిగతావాటికి అంటుకుంటుందని సింహాద్రి దాన్ని గడ్డివాము అవతల వేరే కట్టేశాడు.

ఆ గేదెకి ఆరు నెలల దూడ ఉంది, పేరు పూస. తెల్లారగానే "అమ్మేది?" అంది.

మేక పిన్ని తడుముకోలేదు. "సంతకెళ్లిందమ్మా. రేపో మాపో వచ్చేస్తుంది."

ఏం తెలివో చూడండి. మనుషులు సంతకెళితే బెల్లం కొనుక్కొస్తారు. పశువు సంతకెళితే తిరిగొచ్చిందెప్పుడు? ఆ సంగతి దూడక్కూడా తెలుసు. ముందురోజు పాలు తాగుతూ పొదుగుని గట్టిగా కుమ్మింది కదా, అందుకే అమ్మ తనని వదిలేసిందనుకుంది. ఇక గడ్డిపరక ముట్టలేదు.

ఈ మాటలు చాటుగా విని, సందట్లో సడేమియా అని నక్క కంచె దగ్గరికి చేరింది. "మీ అమ్మని సంతలో చూశానే."

"నేను కుమ్మానని వెళ్లిపోయిందా?"

"మరి? ఒక్కసారి వచ్చి బతిమాలుకో, కరిగిపోతుంది. పొద్దువాలేటప్పుడు కంచెలో ఈ కంతలోంచి బయటికి రా, నేను తీసుకెళ్తా. పెద్దాళ్లకి చెప్పకు."

పూస సరేనంది. కానీ మనసాగక ముసలెద్దు దగ్గరికెళ్లింది. "తాతా, కుమ్మితే అమ్మలు వెళ్లిపోతారా?"

ఎద్దు నెమరు ఆపింది. మేక చెప్పిందీ, నక్క రమ్మన్నదీ అంతా విని మేక వైపు చూసింది. "పెద్దల మాట చద్దిమూట అంటారు. నీ మూట పాచిపోయిందే మేకా."

"పసిది, బెంగపడుతుందని..." మేక నసిగింది.

"ఇప్పుడు పడటం లేదూ?" ఎద్దు దూడని దగ్గరికి తీసుకుంది. "అమ్మకి జబ్బు చేసిందిరా తల్లీ. నువ్వు కుమ్మినందుకు కాదు. అది గాలికుంటు. నీకు అంటకూడదనే అవతల కట్టేశారు."

"చచ్చిపోతుందా?"

"చాలామటుకు బతుకుతాయి. నాకూ వచ్చింది, బతికాను. మీ అమ్మ సంగతి ఖాయంగా చెప్పలేను గానీ, ఏ రోజు కబురు ఆ రోజు నీకు చెప్తా. దాచను. వాము వైపు కంచె దగ్గర నిలబడి పిలువు, వింటుంది."

పూస పిలిచింది. వాము అవతలనుంచి బొంగురుగా అమ్మ బదులు పలికింది. దూడ వెక్కి వెక్కి ఏడ్చింది, గుండెల్లో బరువు దిగిపోయింది. ఆ తర్వాత కడుపునిండా గడ్డి తింది.

పొద్దువాలాక నక్క కంత దగ్గరికి వచ్చింది. "పద పద, అమ్మ ఎదురుచూస్తోంది."

"ఏం చేస్తోంది?"

"పచ్చగడ్డి పరపరా నములుతోంది."

"నోటినిండా పుళ్లతోనా?"

"ఏం పుళ్లు?" అంటూ నక్క కంతలో తల దూర్చింది. కంచెవార నిలబడ్డ ఎద్దు దాని దవడ మీద ఒక్క తాపు తన్నింది. నక్క నోరు పట్టుకుని పొలాలకి అడ్డంపడి పరిగెత్తింది. ఇప్పుడు దాని నోటికే మందు కావాల్సొచ్చింది.

పిల్లలకి పెద్దలు నిజం దాచిన చోటే నక్కకి సందు దొరుకుతుంది.