ఆరో డిస్కు ఆగినచోట

ఆరో డిస్కు కూడా అక్కడే ఆగింది.

దావూద్ తెర వంక చూస్తూ కూర్చున్నాడు. తెల్లటి గీత సగం దాటి, ఇంకాస్త పాకి, ముందు అయిదూ ఎక్కడ ఆగాయో సరిగ్గా అక్కడే నిలిచిపోయింది. కంప్యూటరు పెట్టెలో డిస్కు మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంది. మిట్టమధ్యాహ్నం. దర్గాలో ఆ చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు.

ఆ పాత కంప్యూటరులో గోరీల చిట్టా ఉంది. దర్గా వెనక మూడువందల పైచిలుకు గోరీలు. దేనిమీదా పేరు చెక్కరు. తలాపున ఒక రాయి నిలబెడతారు, అంతే. ఏ రాయి కింద ఎవరున్నారో రాసిన కాగితాలను చెదలు తింటుంటే, మిగిలినంత కంప్యూటరుకెక్కించారు. ఇప్పుడు కంప్యూటరే లేవనంటోంది. లినక్సు డిస్కు ఒకటి చేసి, దానితో యంత్రాన్ని లేపి, చిట్టా బయటికి తీస్తానని దావూద్ తన గురువు ఖలీల్ షాకు మాటిచ్చాడు.

ఆ పొద్దునే హుసేన్‌బీ అనే ముసలామె వచ్చింది. కొడుకు పోయిననాడు ఆమె ఆసుపత్రి మంచం మీద ఉంది. ఆ తర్వాత కూతురి వెంట దూరదేశం పోయి, పదేళ్ళకు ఇప్పుడు వచ్చింది.

"నా బిడ్డ ఎక్కడ పడుకున్నాడు బేటా? సాయంత్రం బస్సుకు పోవాల."

దావూద్‌కు తెలియదు. తెలియదనడానికి నోరు రాలేదు. నాలుగో వరసలో ఒక రాయి చూపించాడు. ఆమె ఆ రాయిని వాటేసుకుని, పూలు పరిచి, గొంతు పోయేదాకా ఏడ్చింది. ఇప్పుడు ముందరి వసారాలో కునుకు తీస్తోంది.

ఖలీల్ షా లోపలికి వచ్చాడు. "లేచిందా?"

"లేదు బాబా. కొత్త డిస్కులు తెచ్చినా. నిదానంగా రాసినా. డిస్కు పెట్టే డ్రైవును గుడ్డతో తుడిచినా. ఈ పెట్టెకే ఏదో పట్టింది."

"డిస్కు మీదికి రాసే ఆ ఫైలు?"

"దానికేం బాబా! నేనే నెట్టులోంచి నా ల్యాప్‌టాప్‌లోకి దింపినా. పేరు అదే, సైజూ అదే."

"సరే. ఆ తల్లి పూలు వేసిన రాయి చూపించు, పద."

చూపించాడు. గురువు ఆ రాయినీ, పక్క రాయినీ జానతో కొలిచాడు. రెండూ ఒక్కటే. అప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని, రాతిని మూడుసార్లు మెటికలతో తట్టి, చెవి ఆనించాడు.

"లోపల ఎవరయ్యా?"

జవాబు కోసం ఆగాడు. నిజంగానే ఆగాడు. గాలి పడిపోయింది. తాను కూడా ఊపిరి బిగబట్టి వింటున్నానని దావూద్‌కు తెలిసేసరికి చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

గురువు మోకాళ్ళు దులుపుకుంటూ లేచాడు. "ఇప్పటికింకా పలకడంలేదు. నీ ఫైలు పలుకుతుందా?"

"అడిగితే పలుకుతుంది బాబా. నేను అడగలేదు."

అడిగే పద్ధతి ఉంది. ఫైలు తయారుచేసినవాళ్ళు దానికో గుర్తు ఇస్తారు, అరవైనాలుగు అక్షరాల వరస. మనకు చేరినదాన్నుంచీ అలాంటి వరస తీసి, పక్కన పెట్టి చూసుకోవాలి; ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైలు చెడినట్టే. దావూద్ తీశాడు. మొదటి అక్షరమే కలవలేదు.

మళ్ళీ దింపాడు. ఈసారి అరవైనాలుగూ వేలు పెట్టి చదివాక గాని డిస్కు రాయలేదు. ఏడో డిస్కు ఆ చోటు దాటి పోయింది. యంత్రం లేచింది. చిట్టా తెరుచుకుంది.

హుసేన్‌బీ కొడుకు ఆరో వరసలో ఉన్నాడు.

దావూద్ చిట్టాలో నాలుగో వరసకు వెళ్ళాడు. తాను చూపించిన రాయి దగ్గర ఇలా ఉంది: "ఖాళీ. ఖలీల్ షా కోసం."

తలెత్తాడు. గురువు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నా ఏడుపు నాకు అందింది," అన్నాడు ఖలీల్ షా. "వాడిది వాడికి అందనీ. బస్సు రాకముందే ఆమెను లేపుకురా, పో."