గడప మాట

దయతో అద్దెకిచ్చిన ఇంటికి కప్పు వేయిస్తే, ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడాలర్రా? తొందరపడి చెప్పకండి. మీకంటే ముందే కేదారి ఈ మాట అడిగి, జవాబు కోసం ఒక పూటంతా తిరిగాడు.

కేదారి సర్వేశ్వరశాస్త్రిగారి దగ్గర పన్నుల ధర్మం చదువుకుంటున్నాడు. శాస్త్రిగారు ఒక చిన్న సంస్థానంలో దివాణానికి సలహాదారు. ఆ సంస్థానంలో ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. లాభం కోసం అద్దెకిస్తే, ఇంటి మీద పెట్టిన ఖర్చంతా యజమాని రాబడిలోంచి తీసేసి మిగిలినదాని మీదే పన్ను వేస్తారు. లాభం చూసుకోకుండా ఇస్తే, ఆ ఇంటి మీద వచ్చిన అద్దె మేరకే ఖర్చు తీసేస్తారు. ఆపైన ఎంత పెట్టినా లెక్కలోకి రాదు.

గవరయ్యశెట్టి ఒకనాడు శాస్త్రిగారి దగ్గరికి మండిపడుతూ వచ్చాడు. తల్లిలేని తనను పాలిచ్చి పెంచిన నూకాలమ్మకు పేరుకి ఇంత అద్దె పెట్టి ఒక ఇల్లిచ్చాడు. ఆ ఏడు తాటాకు తీయించి పెంకు వేయించాడు. దివాణంవారు ఆ ఖర్చులో పిసరంత అద్దె మేరకే రాబడిలోంచి తీసేశారు.

"దమ్మిడీ వదలనివాడికి ఖర్చంతా తీసేస్తారు. దయ చూపినవాడికి కోత పెడతారు. ఇదేం ధర్మమండీ గురువుగారూ?" అన్నాడు కేదారి, శెట్టి కంటే ముందే.

శాస్త్రిగారు తల పంకించారు. "దారి ఉందిగా. శెట్టిగారిచేత గడప మాట చెప్పించు. లాభపు ఇల్లైపోతుంది. నువ్వే సాక్షి."

గడప మాటంటే, యజమాని అద్దెకున్నవాళ్ల గడప మీద చెయ్యి పెట్టి, సాక్షి వింటుండగా, "ఇకమీదట ఊరి అద్దె ఇవ్వాలి, ఇవ్వలేకపోతే ఇల్లు విడవాలి" అని పైకి అనాలి. అంతే. వట్టి తంతు అనుకున్నాడు కేదారి. దారి పొడుగునా శెట్టికి అదే నచ్చజెప్పాడు.

నూకాలమ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. "ఏటి బాబూ, ఈ ఏళప్పుడొచ్చినావు? ఎవలీ పంతులు?" అంది.

శెట్టి వంగి గడప మీద చెయ్యి పెట్టాడు. ఆవిడ చేతులు ఆగిపోయాయి. ఆ చెయ్యి అక్కడెందుకు పెడతారో ఊళ్లో తెలియనివాళ్లు లేరు.

"ఇకమీదట ఊరి అద్దె..." అని మొదలెట్టాడు శెట్టి.

"అనేయండి, వట్టి మాటేగా," అని గొణిగాడు కేదారి.

"సిన్నప్పుడూ ఇంతే బాబూ ఈడు," అంది నూకాలమ్మ కేదారితో. "ముద్ద నోట్లో ఎట్టుకుంతాడు. మింగడు, కక్కడు." తరవాత శెట్టి వైపు తిరిగి, "ఇయ్యలేకపోతే ఇడిసిపోవాల. అంతేనేటి? నీకు నోరు రాకపోతే నానే అనీసినాను," అంది.

నిష్ఠూరం లేదు, ఏడుపు లేదు. లోపలికి వెళ్లి, ఇల్లు ఖాళీ చేసేదానిలా గంజికుండ తెచ్చి అరుగు మీద పెట్టింది. చాప తెచ్చింది. మూడోసారి లోపలికి వెళుతూ గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడింది. కేదారి ఎటు చూడాలో తెలియక కొత్త కప్పు కేసి చూశాడు.

శెట్టి గడప మీంచి చెయ్యి తీసేశాడు. గంజికుండ ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లి, దాని చోట అది పెట్టి వచ్చాడు. "పంతులూ! నేనేమైనా అన్నానా?"

"అనలేదండి," అన్నాడు కేదారి. ఆ మాట తనకీ గట్టిగా రాలేదు.

శెట్టి నేరుగా దివాణానికి పోయి పూర్తి పన్ను కట్టేశాడు. కేదారి తిరిగొచ్చి జరిగిందంతా చెప్పి, "అయినా గురువుగారూ, శెట్టిగారికి నష్టమే కదా? నా ప్రశ్న అలాగే ఉంది," అన్నాడు.

శాస్త్రిగారు మెల్లగా అన్నారు: "ఆ మిగతా ఖర్చు కూడా దివాణమే భరించిందనుకో నాయనా. అప్పుడు నూకాలమ్మకి కప్పు వేయించింది ఎవరు?"

నన్నడక్కండర్రా. ఆయన కేదారికే చెప్పలేదు. జరగండి, పిండి సగం రుబ్బి వదిలేసి వచ్చాను.